కాంక్రీటు గట్టిపడే దాకా

జూన్ 23

పాత ట్రాక్టర్ల షెడ్డు ఊడ్చి కడిగాం. ఈ వేసవికి ఇదే మా వర్క్‌షాపు. పై తరగతుల పిల్లలు ఎనిమిది మంది వచ్చారు. ఖొరోగ్ పట్నం నుంచి ఈ పథకం నడిపే లుత్ఫియా గారు ఫోన్లో ఒకటే మాట చెప్పింది. "పాఠాలు చెప్పకండి నియోజ్ గారూ. పిల్లల చేతులు మురికి కానివ్వండి. ఊరికి పనికొచ్చేది ఒకటి వాళ్లే ఎంచుకుని, వాళ్లే కట్టాలి."

ఈ బడికి మువల్లిమ్‌ని, అంటే మాస్టారిని. ఇన్నేళ్లుగా బోర్డు మీద కప్పీల బొమ్మలు గీస్తున్నాను. ఒక్కసారి కూడా పిల్లల చేతికి నిజం కప్పీ ఇచ్చిన పాపాన పోలేదు.

ఏం కట్టాలో తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. గుల్బెగిమ్ లేచి నిలబడి, నది మీదుగా తాడు కట్టి సరుకులు పంపే తొట్టి చేద్దామంది. పదకొండో తరగతికి రాబోతున్న పిల్ల. ఏటా మంచు కరిగే రోజుల్లో వంతెన ఊగుతుంది. అది పోతే అవతలి ఒడ్డున చుకుర్‌లో ఉన్న కొద్దిపాటి ఇళ్లకు పిండి కూడా చేరదు. ఆమె అక్క పర్వోనా ఆ ఊరికే కోడలిగా వెళ్లింది. ఇప్పుడు కడుపుతో ఉంది.

"వంతెన దాటి అక్క దగ్గరికి నడవడానికి నీకు బద్ధకం. దానికింత ఇంజనీరింగ్ ఎందుకే?" అన్నాడు షోద్మోన్. పిల్లలందరూ నవ్వారు. గుల్బెగిమ్ నవ్వలేదు. ఆ పిల్ల దేనికీ తొందరగా నవ్వదు.

జూన్ 30

కొండ మీద ఒకప్పటి భూగర్భ సర్వే వాళ్లు వదిలిపోయిన ఇనుప తాడు దొరికింది. గుల్బెగిమ్ నాన్న కిమ్మత్‌షో తన గాడిదల మీద కిందికి చేర్చాడు. రెండు రోజులుగా పిల్లలు కిరసనాయిలు, వైరు బ్రష్షులు పట్టుకుని తుప్పు వదిలిస్తున్నారు. ఒక్కొక్క పోగూ చూశాం. తెగినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు.

తాడు ఎంత బిగించి కడితే అంత మంచిదని అందరూ అనుకున్నారు. గుల్బెగిమ్ సుద్దముక్కతో నేల మీద లెక్క వేసి చూపించింది. బిగించేకొద్దీ దాని మీద లాగుడు పెరుగుతుంది, కాస్త వేలాడనిస్తేనే ఎక్కువ బరువు మోస్తుంది. నేను బోర్డు మీద ఎన్నో ఏళ్లు చెప్పినా ఎవరికీ ఎక్కని మాట. ఆమె లెక్క ప్రకారం మనుషుల్ని ఎక్కించినా తాడుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. లెక్క సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉందని చెప్పాను.

మనుషులు మాత్రం ఎక్కకూడదు. అది లుత్ఫియా గారి షరతు. తొట్టి పక్కన ఆ మాటే ఎర్ర రంగుతో రాయమన్నాను. షోద్మోన్ రాసి, దాని కింద పొట్ట వేలాడుతున్న మనిషి బొమ్మ ఒకటి గీశాడు. ఆ పొట్ట నాదేనట.

జూలై 9

అవతలి ఒడ్డున గుంట తవ్వి, ఇనుప స్తంభం నిలబెట్టి కాంక్రీటు పోశాం. సిమెంటు బస్తాలు వంతెన మీదుగా మోసుకెళుతుంటే పలకలు కిర్రుకిర్రుమన్నాయి. పర్వోనా మాకు ఉప్పుటీ, రొట్టె, వెన్న తెచ్చిపెట్టింది. చెల్లెలి చేతులకు అంటిన సిమెంటు చూసి, "ఈ చేతులతో నిన్నెవరు చేసుకుంటారే?" అంది. గుల్బెగిమ్ ఆ చేతులే అక్క పొట్ట మీద పెట్టింది. గౌను మీద బూడిదరంగు ముద్రలు పడ్డాయి. అక్కచెల్లెళ్లిద్దరూ నవ్వారు.

కాంక్రీటు పూర్తిగా గట్టిపడాలంటే నెల పడుతుందని పిల్లలకు చెప్పాను. తడి గోనెసంచులు కప్పి రోజూ నీళ్లు పోసే పని పర్వోనా భర్త ఖుష్నజర్‌కు అప్పజెప్పాం.

జూలై 15

తొలి తొట్టి వెళ్లింది. నెల దాకా ఆగలేకపోయాం. బరువు తక్కువే కదా అని నేనే ఒప్పుకున్నాను. ఒక పిండిబస్తా. లాగుడు తాడు పట్టుకుని పిల్లలు పాట పాడుతూ లాగారు. తొట్టి నది మధ్యకు వెళ్లి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలి అవతలికి చేరింది. తిరుగు తొట్టిలో పర్వోనా ఒక కుండెడు పెరుగు పంపింది. ఒక్క చుక్క ఒలకలేదు.

నా భార్య సవ్సన్ కూడా ఆస్పత్రి మూసేసి చూడటానికి వచ్చింది. ఆస్పత్రి అంటే ఒక గది, ఒక మంచం, అందులో నర్సు తనొక్కతే. "ఇంతకాలం నీకు మాటలే వచ్చనుకున్నా," అంది. ఈ మధ్య ఇంత సంతోషంగా లేను.

జూలై 18

ఎండలు. నది నల్లగా పారుతోంది. అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు ఇంట్లోకి వినిపిస్తోంది.

జూలై 19

వంతెన పోయింది. పొద్దున పాలు పిండే వేళకు ఉంది, టీ తాగి వచ్చేసరికి లేదు. ఎవరూ దాని మీద లేరు, అదే నయం.

మధ్యాహ్నం దాకా పిండి, ఉప్పు, కిరసనాయిలు పంపాం. ఊళ్లో పెద్దవాళ్లు వచ్చి పిల్లల భుజాలు తట్టారు. వంతెన పడిన రోజున మనసులో ఇంత గర్వం పడటం తప్పేమో. కానీ పడ్డాను.

జూలై 20

ఖుష్నజర్ కొండెక్కి ఫోన్ చేశాడు. చుకుర్‌లో కొండ మీద తప్ప సిగ్నల్ దొరకదు. పర్వోనాకు తెల్లవారుజామున ఉమ్మనీరు పోయిందట. నెలలు ఇంకా నిండలేదు. నొప్పులు వస్తున్నాయి, పోతున్నాయి. అక్కడున్న ముసలమ్మ కడుపు తడిమి బిడ్డ అడ్డం తిరిగి ఉందని చెప్పింది.

సవ్సన్ నేరుగా షెడ్డుకు వచ్చింది. పిల్లలందరూ అక్కడే ఉన్నారు.

"నన్ను తొట్టిలో అవతలికి పంపు. కాదంటే ఆమెను ఇవతలికి తీసుకురా. ఏదైనా ఇవాళే జరగాలి," అంది.

కాంక్రీటు పోసి రెండు వారాలు కూడా కాలేదని చెప్పాను. అవతలి స్తంభం ఎలా ఉందో ఇక్కణ్ణుంచి చూడలేమని చెప్పాను. పైన తాడు బాగానే ఉన్నా కింద పునాది కదిలితే ఏమవుతుందో చెప్పాను. గుల్బెగిమ్ మధ్యలోకి వచ్చింది.

"నిన్న ఎన్ని బస్తాలు పంపాం మువల్లిమ్? రెండేసి బస్తాలు ఒకేసారి కూడా వెళ్లాయి. అక్క రెండు బస్తాలంత బరువు ఉండదు."

బస్తా నదిలో పడితే బస్తా పోతుంది, అంతే అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. మిగతా పిల్లలు నా మాట సబబే అన్నట్టు తలూపారు. సబబే కూడా.

జిల్లా కేంద్రానికి ఫోన్ చేశాం. రేపు హెలికాప్టర్ పంపుతామన్నారు. ఒక్క రోజే కదా.

షెడ్డుకు తాళం వేసి వచ్చాను. కప్పీలు రోజూ విప్పి లోపలే పెడతాం. కప్పీలు లేకుండా తొట్టి కదలదు.

జూలై 21

పొద్దున్నుంచీ గాలి. లోయ నిండా దుమ్ము. హెలికాప్టర్ రాలేదు. గాలి తగ్గగానే బయల్దేరుతుందని చెప్పారు.

లుత్ఫియా గారికి ఫోన్ చేశాను. తాను పంపమనీ చెప్పలేనని, వద్దనీ చెప్పలేనని, కానీ తొట్టిలోంచి ఒక మనిషి పడిపోయారంటే అన్ని లోయల్లోనూ పిల్లల వర్క్‌షాపులు మూతపడతాయని చెప్పింది. నిర్ణయం నాదే అంది. అంత దూరాన కూర్చుని నిర్ణయం నాకు వదిలిపెట్టింది.

నేను వద్దనలేదు. ఆగమన్నాను.

మధ్యాహ్నం కిమ్మత్‌షో వచ్చాడు. నాకంటే చాలా పెద్దవాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని గడప దగ్గరే కూర్చున్నాడు. ఆయన అరుస్తాడనుకున్నాను. బతిమాలుతాడనుకున్నాను. ఆయన, "అది నువ్వు నేర్పిన పని తమ్ముడూ. దాని సంగతి నీకే తెలుస్తుంది. పంపమంటే పంపుతాం, వద్దంటే వద్దు," అన్నాడు.

హెలికాప్టర్ వస్తుందని చెప్పాను. ఆయన తలూపి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఊళ్లో ఇంకెవరూ నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నలుగురు కలిసి వచ్చి తాళం పగలగొట్టి ఉంటే నేను అడ్డు పడేవాణ్ణి కాదు.

సవ్సన్ ఫోన్లో ముసలమ్మకు ఏం చేయాలో చెబుతోంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నీళ్లు తాగించండి, జ్వరం చూడండి. ఫోన్ మధ్యమధ్యలో తెగిపోతోంది. నాతో ఏమీ మాట్లాడటం లేదు.

జూలై 21, మళ్లీ

ఆగమన్నాను, అంతే.

జూలై 22

గాలి తగ్గలేదు. హెలికాప్టర్ బయల్దేరి సగం దూరం వచ్చి వెనక్కి తిరిగిందట. నిజంగా బయల్దేరిందో లేదో ఎవరికి తెలుసు?

పర్వోనాకు జ్వరం.

ఏటి ఒడ్డుకు వెళ్లి నిలబడ్డాను. బైనాక్యులర్‌లో అవతలి స్తంభం చూశాను. నిటారుగానే ఉంది. గోనెసంచుల కింద ఏముందో మాత్రం కనబడదు. ఖుష్నజర్‌ను పగుళ్లున్నాయేమో చూడమన్నాను. లేవన్నాడు. అతనికి ఏం తెలుస్తుంది? పగులు లోపల కూడా ఉండవచ్చు.

గుల్బెగిమ్ వచ్చి పక్కన నిలబడింది. మూడు రోజులుగా తల దువ్వుకోలేదు. నన్ను చూడకుండా అడిగింది.

"మేం లెక్కలో ఏదైనా తప్పు చేశామా మువల్లిమ్?"

లెక్క వేరు, కాంక్రీటు వేరు అన్నాను.

"పునాది లెక్క కూడా వేశాం కదా. సగం బలం వచ్చినా చాలన్నారు మీరు."

పిండికి చాలన్నాను, అన్నాను. నిజానికి అలా అన్నానో లేదో నాకు గుర్తు లేదు. పిండి అనే మాట నేను ఇవాళ కలిపానేమో.

పంపవలసి వస్తే ముందు వెళ్లేది సవ్సన్. ఆ మాట ఎవరికీ తట్టినట్టు లేదు. నాకు మొదటి రోజునే తట్టింది. ఇది కారణం కాదు. కాంక్రీటే కారణం.

జూలై 23

సవ్సన్ పొద్దున్నే మందుల సంచి భుజాన వేసుకుని ఏటికి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. కప్పీలు లేని తొట్టి ఒడ్డు మీద ఇసుకలో పడి ఉంది. ఆమె అందులోకి ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చుట్టూ ఊరు చేరింది. పిల్లలు కూడా వచ్చారు.

"లే సవ్సన్," అన్నాను.

"లేవను."

"పునాది ఆగకపోతే?"

"ఆగకపోతే పోతాను. నువ్వు తాళం తీసి రా. తీయకపోతే ఇక్కడే కూర్చుంటాను. ఆ పిల్ల ఎప్పుడు చచ్చిపోయిందో ఫోన్లో వింటూ కూర్చుంటాను."

గట్టిగా అనలేదు. నాకు ఒక్కడికే వినపడేలా అంది. నేను షెడ్డుకు వెళ్లి తాళం తీశాను. షోద్మోన్ నా వెనకే వచ్చి, కప్పీలు అందుకుని పరుగెత్తాడు.

కప్పీలు బిగించింది గుల్బెగిమ్. ప్రతి నట్టూ రెండుసార్లు చూసింది. ముందు రాళ్లు వేసి ఒకసారి పంపుదామంది. పంపాం. తొట్టి వెళ్లి వచ్చింది. మూడు రోజుల కిందటే ఆ పని చేసి ఉండవచ్చని అక్కడున్న ఎవరూ అనలేదు.

సవ్సన్ నది మధ్యలో ఉండగా నేను తాడు లాగలేకపోయాను. పిల్లలే లాగారు. నేను కళ్లు మూసుకున్నాను. మళ్లీ తెరిచేసరికి ఖుష్నజర్ ఆమెను చేయి పట్టి దింపుతున్నాడు.

ఆమె పర్వోనా ఇంట్లోకి వెళ్లి ఎంతోసేపు కాకముందే బయటికి వచ్చింది. అవతలి ఒడ్డు నుంచి మా వైపు చూసి చేత్తో అడ్డంగా సైగ చేసింది. దాని అర్థం ఆడవాళ్లకు వెంటనే తెలిసింది. బిడ్డ గుండె కొట్టుకోవడం లేదు.

పర్వోనాను దుప్పట్లలో చుట్టి తొట్టిలో కట్టి పంపారు. ముఖం గోడకు కొట్టిన సున్నంలా ఉంది. ఒళ్లు నిప్పు. చెల్లెల్ని గుర్తుపట్టలేదు. కిమ్మత్‌షో ఆమెను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, జిల్లా ఆస్పత్రికి వెళ్లడానికి తెచ్చిన జీపులో పడుకోబెట్టాడు. తరువాత తొట్టి మళ్లీ వెళ్లి సవ్సన్‌ను తెచ్చింది. ఆమె జీపెక్కింది. గుల్బెగిమ్ కూడా ఎక్కింది. జీపులో నాకు చోటు లేదు. నన్ను రమ్మని కూడా ఎవరూ అనలేదు.

జూలై 24

పర్వోనాకు ఆపరేషన్ అయింది. బతుకుతుందట. బిడ్డ ఆడపిల్ల.

సాయంత్రం తొట్టిలో నేనే అవతలికి వెళ్లి గోనెసంచులు తొలగించి చూశాను. కాంక్రీటులో పగులు లేదు.

జూలై 26

కిమ్మత్‌షో బిడ్డను ఇంటికి తెచ్చాడు. పేరు పెట్టలేదు. మా ఒడ్డునే, జల్దారు పళ్ల తోట పైన ఉన్న మట్టిలో పెట్టారు. ఖుష్నజర్ రావడానికి తొట్టిలో దాటాడు. తాడు లాగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు అందరూ దాటుతున్నారు. కాంక్రీటు ఆరలేదని ఎవరూ గుర్తు చేయటం లేదు.

ఖననం అయ్యాక పర్వోనా అత్తగారు నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "నీ తాడు లేకపోతే నా కోడలు కూడా ఆ మట్టిలోనే ఉండేది," అంది. నేను చేతులు వెనక్కి లాక్కోలేకపోయాను. గుల్బెగిమ్ కొంచెం దూరంలో నిలబడి చూస్తోంది.

సవ్సన్‌ను అడిగాను. మొదటి రోజే వెళ్లి ఉంటే బిడ్డ బతికేదా? ఆమె రొట్టెపిండి పిసుకుతోంది.

"బతికేదేమో. బతికేది కాదేమో. అడ్డం తిరిగిన బిడ్డ. నన్ను అడక్కు," అంది.

జూలై 27

మళ్లీ అడిగాను.

జూలై 28

మళ్లీ అడిగాను. ఆమె లేచి బయటికి వెళ్లిపోయింది.

జూలై 31

జిల్లా నుంచి అధికారులు వచ్చారు. వెంట టీవీ కెమెరా. బడి ముందు కుర్చీలు వేశారు. నాకు ఒక చేతిగడియారం ఇచ్చి, సమయస్ఫూర్తితో ఒక తల్లి ప్రాణం కాపాడిన ఉపాధ్యాయుడు అని చదివారు. లుత్ఫియా గారు కూడా వచ్చింది. ఆమె నా ముఖం చూసి చూపు తిప్పుకుంది. ఆమెకూ నాకూ ఒకరి సంగతి ఒకరికి తెలుసు.

అది కాదని చెప్పడానికి లేచాను. అందరికీ, ముఖ్యంగా పిల్లలకు, కృతజ్ఞతలు అని కూర్చున్నాను. వినయం అనుకున్నారు. చప్పట్లు కొట్టారు.

కెమెరా పట్టుకున్న కుర్రాడు గుల్బెగిమ్ దగ్గరికి వెళ్లి, మీ అక్కను తొట్టిలో దాటించాలన్న నిర్ణయం ఎవరిదని అడిగాడు. చెప్పేస్తే బాగుండునని అనిపించింది.

ఆమె కెమెరాను చూడలేదు. నన్నూ చూడలేదు. "మువల్లిమ్ తాళం తీయందే మా వర్క్‌షాపులో ఏదీ కదలదు," అంది.

అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. ఎంత గౌరవమున్న పిల్ల అన్నారు. షోద్మోన్ ఒక్కడు నవ్వలేదు.

ఆగస్టు 4

ఆ అధికారుల దగ్గర నుంచే ఉత్తర్వు వచ్చింది. అనుమతి లేని తాడుమార్గం వెంటనే విప్పేయాలి. కొత్త వంతెన వస్తుంది. ఎప్పుడో అందులో లేదు. చుకుర్ వాళ్లు ఎలా దాటాలో కూడా లేదు. ఎదురు చెప్పి చూశాను. గడియారం అందుకున్న వాడివి, నువ్వే ఇలా మాట్లాడితే ఎలా అన్నారు.

ఆగస్టు 6

విప్పే ముందు బరువు పరీక్ష చేశాం. లుత్ఫియా గారికి పంపే నివేదికలో అది ఉండాలి. అందుకే చేశాను.

పిల్లలు ఏట్లోంచి రాళ్లు మోసి తొట్టిలో వేశారు. ఒక మనిషంత, ఇద్దరంత, ముగ్గురంత. తొట్టిని నది మధ్యలో నిలిపి చూశాం. మళ్లీ వెనక్కి లాగి ఇంకా వేశాం. తొట్టి అడుగు రేకు వంగింది. తాడు, కప్పీలు, స్తంభం, పునాది అలాగే ఉన్నాయి. నేను ఇంకా రాళ్లు వేయమన్నాను. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి విరగాలి కదా.

షోద్మోన్ చేతిలో రాయి పట్టుకుని ఆగాడు. వాడి వేళ్లు చెక్కుకుపోయి ఉన్నాయి.

"ఇంకా వేద్దాం మువల్లిమ్. మీకు ఎంత కావాలో చెప్పండి," అన్నాడు.

చాలన్నాను.

ఆగస్టు 7

తాడు విప్పేశాం. అవతలి ఒడ్డున ఖుష్నజర్ తన కొసను వదిలాడు. అది నీళ్లలో పడి చాలాసేపు తేలుతున్నట్టే కనిపించింది. ఇనుము తేలదు. ప్రవాహం అలా లాగింది.

పర్వోనా పుట్టింటికి వచ్చిందని సవ్సన్ చెప్పింది. కుట్లు మానుతున్నాయట. ఇక పిల్లలు పుడతారో లేదో తెలియదట. ఈ చివరి మాట సవ్సన్ నేను అడగకుండానే చెప్పింది. నేను వింటే చాలని చెప్పిందో, నేను మోయాలని చెప్పిందో తెలియలేదు.

ఆగస్టు 12

పథకం ఇంకో వారం ఉంది. తాడు పోయాక పిల్లలకు పంటకాలువ తలుపు చేసే పని ఇచ్చాను. ఇవాళ గుల్బెగిమ్ వచ్చింది. అక్క వచ్చినప్పటి నుంచి రాలేదు. తల దువ్వుకుని, జడలు గట్టిగా అల్లుకుని వచ్చింది. తలుపు రేకును బల్లకున్న ఇనుప పట్టులో బిగించి అంచులు ఆకురాయితో రుద్దడం మొదలుపెట్టింది. మిగతా పిల్లలు మధ్యాహ్నం భోజనానికి వెళ్లారు. ఆమె వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు.

చాలాసేపు ఆకురాయి చప్పుడే ఉంది. తరువాత అది ఆగింది.

"మొన్న రాళ్లు వేసి చూశారట."

చూశామన్నాను.

"మొదటి రోజు అక్కను దాటించి ఉంటే పునాది ఆగేదా మువల్లిమ్?"

కాంక్రీటు అప్పటికంటే ఇప్పుడు గట్టిపడిందని చెప్పవచ్చు. రెండు వారాల తేడా ఉందని చెప్పవచ్చు. ఆ తేడా ఎంతో ఆమెకు లెక్క వేయడం వచ్చు. నేనే నేర్పాను.

"ఆగేది," అన్నాను.

ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను. అక్కడ కోపం లేదు. చాలా రోజుల తరువాత భుజాల మీద నుంచి ఏదో దించినట్టు ఆమె ఒక్కసారి ఊపిరి వదిలింది.

"అయితే మా లెక్క తప్పు కాదన్నమాట," అంది. "ఆ రోజు నుంచీ రోజూ మళ్లీ వేసి చూస్తున్నాను. ఎక్కడ తప్పానో దొరకడం లేదు. మీరు ఆపారంటే ఏదో ఉండే ఉంటుందనుకున్నాను."

"మీ లెక్క తప్పు కాదు," అన్నాను.

ఆమె తలూపింది. అయితే ఎందుకు ఆపారని అడుగుతుందని నిలబడ్డాను. అడిగితే సవ్సన్ సంగతి, లుత్ఫియా గారి ఫోన్ సంగతి, నా భయం సంగతి అన్నీ చెప్పాలనుకున్నాను. ఆమె ఆకురాయి అందుకుని, రేకు అంచు మీద వేలితో తడిమి చూసి, గరుకుగా ఉన్న చోట మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది.

అడగలేదు.